రాళ్ళ చాటు చరిత్ర

బోరబండ,
10 నవంబర్ 2024, ఆదివారం.

చెల్లె బాలమ్మకు,

కవరు మీద చేతిరాత గుర్తుపట్టావో లేదో. నేను నీ అక్క సత్తెమ్మను. ఇరవై మూడేళ్ళ తర్వాత ఉత్తరం వచ్చిందంటే ఎవరికైనా గుండె జారుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. నెమ్మదిగా కూర్చుని చదువు.

పోయిన నెల ఒక పెళ్ళిలో మన మేనత్త కొడుకు లింగమూర్తి కనిపించాడు. నీ అడ్రసు అతనే ఇచ్చాడు. ఫోన్ నంబరు అడిగితే తల గోక్కున్నాడు. “నీ పేరెత్తితే లేచి లోపటికి పోతది సత్తెమ్మా. నంబరిస్తే నన్ను తిడ్తది” అన్నాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీ ఆయన పోయిన సంగతి కూడా ఆ రోజే తెలిసింది. మూడేళ్ళయిందట. నాకు కబురు పెట్టేవాళ్ళే లేకపోయారు.

నేను మాదాపూర్‌లో ఒక కంపెనీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తున్నాను. నాలుగో అంతస్తు నాది. మీ బావ మల్లయ్య హఫీజ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. అబ్బాయి అనిల్ కారు నడుపుతాడు.

ఇక అసలు సంగతి. మొన్న మా అంతస్తులో పైపు పగిలి ఆడవాళ్ళ బాత్రూములకు రెండు గంటలు తాళం వేశారు. అమ్మాయిలు అటూ ఇటూ తిరుగుతూ ఒకటే గోల. నేను నవ్వి, “రెండు గంటలకే గింత పరేషానా బిడ్డా? మేము గీ బిల్డింగులు కట్టేటప్పుడు పొద్దుగూకేదాకా నీళ్ళే తాగకపోతుంటిమి” అన్నాను. ఆఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే రేఖ అనే అమ్మాయి అది విన్నది. సాయంత్రం నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి అన్నీ అడిగింది. ఆ కూలి రోజుల్లో మనం రాళ్ళ చాటుకు వెళ్ళడం, ఒకరు వెళితే ఒకరు కాపలా నిలబడటం, రాళ్ళకు పేర్లు పెట్టుకోవడం, అన్నీ చెప్పాను. ఇంతకాలం ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

వచ్చే నెల పద్నాలుగున మా ఆఫీసు పెద్ద హాల్లో ఒక సాయంత్రం పెడుతున్నారు. పుస్తకాల్లో లేని చరిత్రలు మాట్లాడతారట. టికెట్లు అమ్మి ఆ డబ్బును మా బోరబండలో ఒక మంచి పనికి ఇస్తారు. రెండు వందల మంది వస్తారు. నన్ను పావుగంట మాట్లాడమంటున్నారు.

బండలు పగలగొట్టే మందు పేలిన రోజు సంగతి కూడా చెప్పమంటోంది రేఖ. అందులో నువ్వున్నావు. నీ మాట లేనిదే చెప్పను. చెబితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ రోజు నేను నిన్ను పిలిచాను బాలమ్మా. పేరు పెట్టి మూడుసార్లు పిలిచాను. నీకు వినపడలేదు. ఆ ఒక్క ముక్క నీకు చెప్పుకునే అవకాశం నాకు రాలేదు.

నీ జవాబు కోసం రోజూ గేటు దగ్గర పోస్టుమన్‌ను అడుగుతుంటాను.

నీ అక్క,
సత్తెమ్మ.


మక్తల్ దగ్గర నుంచి,
17 నవంబర్ 2024.

అక్కకు,

ఉత్తరం అందింది. మేము బాగానే ఉన్నాము. ఈసారి వానలు ఎక్కువై పత్తి నల్లబడింది, కంది మాత్రం పూత మీద ఉంది. నా కొడుకు రవీందర్, కోడలు రేణుక నన్ను బాగా చూసుకుంటున్నారు. నా ఎడమ కాలు ఎలా ఉందని నువ్వు అడగలేదు. ఉన్నట్టే ఉంది.

నీకు మాట్లాడే పిలుపు వచ్చిందంటే సంతోషం. అయితే నా పేరు అందులోకి ఎందుకు తెస్తున్నావు? ఉన్నది ఉన్నట్టు చెబుతాను అని రాశావు. ఇరవై మూడేళ్ళు ఊరుకుని ఇప్పుడు రెండు వందల మంది ముందు నన్ను నిలబెట్టాలని ఉందా? తప్పు ఎవరిదో తేల్చుకోవాలని ఉంటే ఇక్కడికి రా, నా ముఖం మీద అడుగు. హాల్లో మైకు పెట్టి అడగకు.

నువ్వు పిలిచావో లేదో, నేను విన్నానో లేదో, ఆ మాట ఇప్పుడు ఎవరికి కావాలి? ఆ రోజు సంగతి నా కోడలికి కూడా తెలియదు. చిన్నప్పుడు బండి మీద నుంచి పడ్డానని చెప్పాను.

నా పేరు చెప్పకు. ఫోన్ కూడా చేయకు. ఫోన్‌లో నాకు మాట పెగలదు.

బాలమ్మ.


బోరబండ,
22 నవంబర్ 2024.

చెల్లెకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కాలు సంగతి అడగకపోవడం మరచిపోయి కాదు. అడిగే ముఖం లేక అడగలేదు.

తప్పు ఎవరిదో తేల్చాల్సింది ఏమీ లేదు. తప్పు నాదే. తల్లీబిడ్డ రాయి దగ్గర కాపలా నిలబడ్డది నేను. మేస్త్రీ వచ్చి, “ఆడ నిలబడి ఏం జూస్తున్నవ్, సిమెంటు లోడు దిగుతున్నది, నడువ్” అన్నాడు. వెళ్ళకపోతే ఆ రోజు కూలి పోతుందని వెళ్ళాను. నేను పక్కన లేని ఆ కాసేపట్లోనే మందు పేలుస్తున్నామని ఎర్రజెండా ఎత్తారు, విజిల్ ఊదారు. పరుగెత్తి వచ్చి పిలిచాను. జవాబు లేకపోయేసరికి రేకుల షెడ్డుకు వెళ్ళిపోయావనుకున్నాను. అంతలో మందు పేలింది. మరునాడు మేస్త్రీ, “నీ చెల్లెనే చెప్పింది, ఎవ్వరు పిలువలేదని” అని నన్ను పనిలోంచి తీసేశాడు. ఆ మాట నిజమేనని ఒప్పుకున్నాను. వినపడని పిలుపు పిలవనట్టే కదా. దవాఖానకు వచ్చేసరికి మీ ఆయన నిన్ను ఊరికి తీసుకెళ్ళిపోయాడు. మంచం ఖాళీగా ఉంది.

అందుకని నిన్న రేఖకు చెప్పేశాను, నేను మాట్లాడనని. ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత, “మీ చెల్లెలి పేరు వద్దులే అత్తమ్మా, మిగతాది చెప్పండి” అన్నది. ఆ రోజు లేకుండా మిగతాది చెబితే అది నాకు అబద్ధంలా ఉంటుందని చెప్పాను. నా బదులు ఇంకెవరినో వెతుకుతోంది. పాత టెలిఫోన్ తీగలు లాగిన ఒక లైన్‌మన్ వస్తాడట. బస్‌స్టాపుల పేర్లు ఎలా వచ్చాయో ఒక కండక్టరు చెబుతాడట. వాళ్ళు చాలు.

అప్పటికే కాగితాలు అచ్చయిపోయాయి. ఒకటి ఇందులో పెట్టాను. నా పేరు మీద పెన్నుతో గీత కొట్టాను, చూడు.

డబ్బు దేనికో నువ్వు అడగలేదు కానీ చెబుతాను. బోరబండలో కూలీల అడ్డా ఉంది. పొద్దున ఆరింటికే వంద మంది ఆడవాళ్ళు వచ్చి పని కోసం నిలబడతారు. సగం మంది మన పాలమూరు వైపు వాళ్ళే. పని దొరికేదాకా, దొరకకపోతే పది దాటేదాకా అక్కడే. చుట్టూ దుకాణాలు. వెళ్ళడానికి చోటు లేదు. పోయిన ఎండాకాలం ఒక పిల్ల నీళ్ళు తాగకుండా నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. అక్కడ రెండు బాత్రూములు, కూర్చోవడానికి ఒక గది కట్టాలని అడ్డా ఆడవాళ్ళే సంఘం పెట్టుకుని తిరుగుతున్నారు. భాగ్యమ్మ అని ఒకామె ముందుండి నడిపిస్తోంది. నేను మాట్లాడకపోయినా ఆ పని ఆగదులే.

నీ కాలు నొప్పి పెడుతుందా? చలికి ఎక్కువవుతుందా?

సత్తెమ్మ.


మక్తల్ దగ్గర నుంచి,
29 నవంబర్ 2024.

అక్కా,

ఈ ఉత్తరం మూడు రోజుల నుంచి రాస్తున్నాను. రెండు కాగితాలు చించేశాను. ఇది మాత్రం చించను.

నువ్వు పంపిన అచ్చుకాగితం నేను చూడకముందే రేణుక చూసింది. పైకి చదివింది. “సత్తెమ్మ – చాటు: రాళ్ళ మధ్య ఆడకూలీల చరిత్ర.” చదివి, “అత్తా, ఈమె మీ అక్కనా? పేరు మీద గీత ఎందుకు కొట్టిన్రు?” అని అడిగింది. నేను లేచి లోపలికి వెళ్ళబోయాను. లింగమూర్తి చెప్పింది నిజమే, నీ పేరు వస్తే నేను లేచిపోతాను. అది కోపం వల్ల కాదు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అక్కా, నేను విన్నాను.

నువ్వు పిలిచిన మూడుసార్లూ విన్నాను. మొదటిసారి ‘బాలమ్మా’ అన్నావు. రెండోసారి ‘బాలీ’ అన్నావు, చిన్నప్పుడు పిలిచినట్టు. మూడోసారి నీ గొంతు చీరుకుపోయింది. నేను తల్లీబిడ్డ రాయి దగ్గర లేను. ఎదురుగా కొత్తగా కట్టిన సెంట్రింగ్ కర్రల మీద మగవాళ్ళు నిలబడి ఉంటే, అక్కడ కూర్చోలేక పక్కనున్న గుమ్మిరాయి వెనక్కి వెళ్ళాను. విజిల్ కూడా విన్నాను. కానీ ఎర్రజెండా పట్టుకున్నవాళ్ళు నలుగురు అటువైపే ఉన్నారు. నేను ‘ఓ’ అంటే అందరూ నా వైపు తిరుగుతారు. చీర సర్దుకుని లేచేదాకా పలకవద్దనుకున్నాను. అంతే. నన్ను చూస్తారేమోనన్న సిగ్గుతో నోరు మూసుకున్నాను. లేచేలోపు పేలింది, రాయి వచ్చి కాలి మీద పడింది.

దవాఖానలో మేస్త్రీ, ఇంకొకాయన కాగితం పట్టుకుని వచ్చారు. “ఎవలన్న పిలిచిన్రా? పిలిస్తే పలుకకపోవుడు నీ తప్పే. అప్పుడు దవాఖాన ఖర్చు మేము పెట్టం” అన్నారు. మా ఆయన నా వైపు చూస్తున్నాడు. నేను, “ఎవ్వరు పిలువలే” అన్నాను. వేలిముద్ర వేయమంటే వేశాను. ఏడో తరగతి చదివినదాన్ని, సంతకం చేయడానికి కూడా చెయ్యి రాలేదు.

మరునాడు నిన్ను పనిలోంచి తీశారని ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. నువ్వు వస్తే నీ ముఖం ఎలా చూడాలో తెలియలేదు. ఊరికి తీసుకుపొమ్మని మా ఆయనను నేనే ఏడ్చి అడిగాను. అందుకే నీకు మంచం ఖాళీగా కనిపించింది.

నీ మొదటి ఉత్తరం చూసి, నా అబద్ధం నీకు తెలిసిపోయిందని, అందరి ముందు బయటపెడతావని భయపడ్డాను. నువ్వేమో ఇన్నేళ్ళూ తప్పు నీదే అనుకుంటూ ఉన్నావు. నాకు ఆ ఆలోచనే రాలేదు. నీకు నా మీద కోపం అనుకున్నాను.

ఇదంతా రేణుకకు చెప్పాను. ఆ పిల్ల అచ్చుకాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత, “రాయి మీద పడుతదని తెలిసి కూడా పలుకలేదా అత్తా?” అన్నది. నేను తల ఊపాను. “నేనైనా పలుకకపోదును” అన్నది.

పద్నాలుగో తారీకు నువ్వు మాట్లాడు. నా పేరు చెప్పు. నేను విన్నానని, సిగ్గుతో పలకలేదని చెప్పు. అబద్ధమాడానని కూడా చెప్పు. ఆ అడ్డాలో నిలబడే పిల్లల కోసమైనా చెప్పు.

నీ చెల్లె,
బాలమ్మ.


బోరబండ,
5 డిసెంబర్ 2024.

బాలీ,

ఉత్తరం ఆఫీసుకు తీసుకెళ్ళి మధ్యాహ్నం అన్నం వేళ చదివాను. నీకు నిజం చెప్పాలి. మొదట కోపం వచ్చింది. పనిలోంచి తీసేశాక ఆరు నెలలు నేను పాచిపని చేసి అనిల్‌ను పెంచాను, నీ ఒక్క మాట వల్ల. ఆ కోపంతోనే నాలుగో అంతస్తు కారిడారంతా తుడిచాను. తుడవడం అయ్యేసరికి కోపం లేదు. ఖర్చు పెట్టం అని ఒకడు, పక్కన మొగుడు, కాలికి కట్టు. ఆ మంచం మీద నేనున్నా అదే మాట చెప్పేదాన్ని.

తర్వాత స్టోర్ రూములో బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. నా పిలుపు నీకు చేరింది. ఇన్నేళ్ళూ నేను ఆలస్యంగా వచ్చాననుకున్నాను, చాలినంత గట్టిగా పిలవలేదనుకున్నాను. అనిల్ చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటుంటే ఎంత గట్టిగా అరిచి పిలిచేదాన్నంటే చుట్టుపక్కల వాళ్ళు బయటికి వచ్చేవాళ్ళు. ఎందుకలా అరుస్తానో మీ బావకు కూడా తెలియదు. ఈ రోజు చెప్పాను. “ఇగ జర మెల్లగ పిలువచ్చు” అన్నాడు.

రేఖకు వస్తానని చెప్పేశాను. నేను వద్దన్నాక నా పేరు తీసేసి కొత్త కాగితాలు అచ్చు వేయించిందట. మళ్ళీ అచ్చు వేసే వ్యవధి లేదని, ఉన్నవాటి మీదే చేతితో రాస్తోంది.

అక్క.


బోరబండ,
16 డిసెంబర్ 2024, సోమవారం.

బాలీ,

అయిపోయింది. బాగా జరిగింది. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత వివరంగా రాస్తున్నాను.

సాయంత్రం ఐదింటికే వెళ్ళాం. మీ బావ పెళ్ళికి కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. రోజూ నేను వెనక గేటు నుంచి వెళ్ళే బిల్డింగుకు ముందు గేటు నుంచి వెళ్ళాం. సెక్యూరిటీ అబ్బాయికి నేను తెలుసు. అయినా పేరు అడిగి, రాసుకుని, మెడలో కార్డు వేశాడు. అడ్డా నుంచి భాగ్యమ్మతో పాటు ముప్పై మంది ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళకు టికెట్ లేదు, ముందు వరుసలు వాళ్ళవే.

మొదట లైన్‌మన్ మాట్లాడాడు. తీగలు లాగేటప్పుడు ఈ కొండల్లో నెమళ్ళు అడ్డం వచ్చేవని చెప్పాడు. కండక్టరు బస్‌స్టాపుల పేర్లు చెబుతూ అందరినీ నవ్వించాడు, సమయం దాటినా దిగలేదు. రేఖ రెండుసార్లు చీటీ పంపింది. మూడో మనిషిని నేను.

మైకు ముందు నిలబడితే నోట్లో తడి ఆరిపోయింది. నీళ్ళ సీసా ఇచ్చారు. గటగటా తాగాను. అక్కడి నుంచే మొదలుపెట్టాను. “నేను గిప్పుడు నీళ్ళు తాగిన. ఎందుకంటే గీ బిల్డింగుల బాత్రూం యాడున్నదో నాకు ఎరుకే” అన్నాను. ముందు వరుసలో భాగ్యమ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. భయం పోయింది.

మన రాళ్ళ పేర్లు చెప్పాను. పిల్లిరాయి, గుమ్మిరాయి, తల్లీబిడ్డ రాయి. ఏ రాయి ఎప్పుడు పేల్చారో, ఒక్కో రాయి పోతుంటే మనం ఎంత దూరం నడవాల్సి వచ్చిందో చెప్పాను. తల మీద తట్ట పెట్టుకుని కాపలా నిలబడటం, మగవాడు వస్తుంటే దగ్గడం, ఒకసారి నిజంగా దగ్గు వచ్చి మనతో కూలికి వచ్చే ఎల్లమ్మను మూడుసార్లు లేపడం చెప్పాను. పెద్ద తెర మీద ఫొటో వేశారు కానీ అది మన రాయి కాదు. “గది వేరే రాయి, దాని చాటుకు ఎవ్వరు పోకపోతుండె, తేళ్ళు” అన్నాను. రేఖ తల పట్టుకుంది.

తర్వాత నీ సంగతి చెప్పాను. నీ పేరు చెప్పాను. మూడుసార్లు ఎలా పిలిచానో చెప్పాను, మైకు ఉంది కాబట్టి గట్టిగా పిలవలేదు. నువ్వు విన్నావని చెప్పాను. “మా చెల్లెకు మందు ఎరుకే, విజిల్ ఎరుకే. అయినా పలుకలే. సచ్చుడు కంటే మగోళ్ళు చూసుడు పెద్దదనుకున్నది. అట్లనుకునేటట్టు చేసింది ఎవరో మీరు చెప్పున్రి” అన్నాను. దవాఖానలో నువ్వు ఏం చెప్పావో, ఎందుకు చెప్పావో కూడా చెప్పాను. 

నేను దిగబోతుంటే వెనక నుంచి ఒక పెద్దావిడ లేచి నిలబడింది. నెరిసిన జుట్టు, కళ్ళజోడు. తాను ఇంజనీరునని చెప్పింది. ఆ రోజుల్లోనే ఈ చుట్టుపక్కల ఒక సైటులో పని చేసిందట. “మీకు రాళ్ళైనా తెలుసమ్మా. నాకు అవీ తెలియవు. పొద్దున కాఫీ మానేసి వచ్చేదాన్నండి. మా ఇంట్లో కూడా ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు” అన్నది. అని కూర్చుంది. పక్కనున్న అడ్డా పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

మధ్యలో విరామం ఇచ్చారు. నవ్వొచ్చే సంగతి ఇప్పుడు చెబుతాను. హాలు పక్కన ఆడవాళ్ళ బాత్రూం దగ్గర మెట్ల దాకా వరుస. అందరూ నా మాటలు విని అప్పుడే నీళ్ళు తాగారేమో. నేను, “రెండో అంతస్తుల ఇంకోటున్నది, రాన్రి” అని ముందు నడిచాను. నలభై మంది నా వెనక వచ్చారు. ఇంజనీరమ్మ కూడా వచ్చింది. తలుపు దగ్గర నేను నిలబడ్డాను, అలవాటు కదా.

డబ్బు అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చిందట. చివర్లో రేఖ చెప్పింది. రెండు కాదు, నాలుగు బాత్రూములు, ఫ్యాను ఉన్న గది. వార్డు ఆఫీసు వాళ్ళు స్థలం చూపించిన కాగితం భాగ్యమ్మ అందరికీ ఎత్తి చూపింది. ఫిబ్రవరిలో పని మొదలవుతుంది. ఇంజనీరమ్మ దగ్గరుండి కట్టిస్తానన్నది.

ఇంటికి వచ్చి అన్నం పెట్టుకుంటే ఆకలి మామూలుగా వేసింది. వారం రోజులుగా ముద్ద దిగలేదు. మీ బావ రెండోసారి పప్పు వడ్డించాడు.

నీ అక్క,
సత్తెమ్మ.


మక్తల్ దగ్గర నుంచి,
23 డిసెంబర్ 2024.

అక్కా,

నీ ఉత్తరాన్ని రేణుక పైకి చదివింది. తేళ్ళ దగ్గర నవ్వింది, ఇంజనీరమ్మ దగ్గర చదవడం ఆపింది. తర్వాత రవీందర్‌ను పిలిచి మళ్ళీ మొదటి నుంచి చదివి వినిపించింది. వాడు నా కాలు వైపు చూసి, “బండి మీదికెల్లి పడ్డ అంటివి గదనే” అన్నాడు. “అబద్ధం చెప్పిన బిడ్డా” అన్నాను.  సాయంత్రం వాడే కొబ్బరినూనె వేడి చేసి తెచ్చి కాలికి రాశాడు.

ఆ మాట రెండు వందల మందికి తెలిసిందంటే ఇక గడప దాటలేననుకున్నాను. ఏమీ కాలేదు. మరునాడు లేచి కంది చేనుకు వెళ్ళాను. ఎండ బాగుంది.

జనవరి ఐదున, ఆదివారం, నేనూ రేణుకా వస్తున్నాం. పొద్దున బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి పెద్ద బస్టాండులో దిగుతాం. జొన్నపిండి, కొత్త కందిపప్పు తెస్తున్నాను. అవి అక్కడ దొరుకుతాయని రాయకు, దొరికినా తెస్తాను. నాలుగు రోజులు ఉంటాను. ఆ ఆఫీసు చూపించనక్కర లేదు, అడ్డా చూపించు.

ఒక్క మాట ముందే చెప్పాలి. కాలు విరిగాక నేను నడవడం నువ్వు చూడలేదు. ఒక పక్కకు బాగా ఒరుగుతాను. కొత్తగా చూసినవాళ్ళు పట్టుకోవడానికి ఉరికి వస్తారు. నువ్వు ఉరికి రాకు, ఏడవకు. బస్సు దగ్గర నుంచి నీ వరకు ఎంత దూరమున్నా నేను నడవగలను. నువ్వు నిలబడిన చోటే నిలబడు. నేనే వస్తాను.

నీ చెల్లె,
బాలీ.